నీళ్ల గొట్టంలో ఉడుము

ఈ రోజు నేను చేసిన తప్పు ఏమిటంటే, ఒక జంతువు పేరు జీవితంలో మొదటిసారి సరిగ్గా చెప్పాను.

మా అపార్ట్‌మెంట్లు దువ్వాడ స్టేషనుకి కాస్త ఇవతల ఉంటాయి. వెనక ప్రహరీ గోడ, గోడ అవతల వాననీళ్లు పారే గెడ్డ, గెడ్డ దాటాక రైల్వే స్థలంలో తుమ్మచెట్లు, తుప్పలు. మేం రాకముందు ఇదంతా తుప్పలేనట. సగం నరికేసి ఇళ్లు కట్టుకున్నాం. మిగిలిన సగంలోంచి ఏదైనా తొంగిచూస్తే, మన కాలనీలోకి జంతువు వచ్చేసిందని గగ్గోలు పెట్టి ఫొటో తీస్తాం. ఆ ఫొటోలు పంచుకోవడానికి ఫోన్లలో ఒక గ్రూపు ఉంది. దాన్ని మొదలుపెట్టిన ఘనుణ్ణి నేనే.

పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర నా ఉద్యోగం. రోజంతా బొగ్గు లారీలు, ఖనిజం లారీలు చూసి ఇంటికొచ్చాక, ప్రాణమున్నదాన్ని దేన్నయినా చూడాలనిపించేది. మొదట్లో నా సరదా అంతే. ఒకరోజు గ్రూపులో ఎవరో పురుగు ఫొటో పెట్టి, "సార్, ఇదేంటో మీరు చెప్పాలి" అని రాశారు. పోర్టులో నన్నెవరూ సార్ అనరు. ఆ ఒక్క మాటకి పడిపోయాను. ఆ తర్వాత ఎవరేం అడిగినా 'తెలీదు' అన్న మాట నా నోట రాలేదు.

మెట్ల కింద పడుకున్న పునుగుపిల్లిని చూసి చిరుతపిల్ల అన్నాను. కాలనీలో సాయంత్రం నడకలు ఆగిపోయాయి. పాలపాకెట్లకి వెళ్లేవాళ్లు కర్రలు పట్టుకెళ్లారు. గేటు పక్కన చుట్టుకుని ఉన్నదాన్ని రక్తపింజరి అన్నాను. వాచ్‌మన్ ధైర్యం చేసి కర్రతో ఎత్తితే మోటారు సైకిలు ట్యూబు. రైల్వే స్థలంలో నక్క కనిపించిందని ప్రకటిస్తే, ఆ నక్కే మర్నాడు మా బ్లాకు కిందికొచ్చి తోకాడించి బిస్కెట్లు తింది. ఇన్ని జరిగినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకి కావాల్సింది జవాబు. అది నిజమా కాదా అన్న పట్టింపు వాళ్లకీ లేదు, నాకూ లేదు.

మా గ్రూపు మర్యాదలు కూడా చెప్పాలి. పాము ఫొటో కనబడగానే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడతాయి. దాని కిందే "కొట్టేశారా?" అని అడిగేదీ ఆ చేతులే. బల్లి ఫొటో పెడితే, ఏ భుజం మీద పడితే ఏ ఫలమో చెప్పమంటారు. తేనెపట్టు ఫొటో పెడితే తేనె ఎప్పుడు తీస్తారంటారు. జీవులంటే మా కాలనీకి అంత ప్రేమ.

ఈ రోజు నాకు వారానికోసారి వచ్చే సెలవు. పొద్దున్నే టీ తాగి, మేముండే మూడో బ్లాకు వెనక్కి వెళ్లాను. వాననీళ్లు గెడ్డలోకి పోవడానికి గోడ అడుగున లావుపాటి సిమెంటు గొట్టం ఉంది. దాని మీద ఎండ పడుతోంది. లోపల్నుంచి ముందు చీలిన నాలుక వచ్చింది, తర్వాత తల, ఆ తర్వాత మడతలు పడ్డ మెడ. నల్లటి గోళ్లతో గొట్టం అంచు పట్టుకుని, నన్ను లెక్కచెయ్యకుండా పైకి పాకి, పొట్ట ఆనించి పడుకుంది. ఫొటో తీశాను. ఈసారి ఎందుకో జాగ్రత్తపడి రెండు మూడు చోట్ల సరిచూసుకున్నాను. ఉడుమే. అనుమానం లేదు.

అంత ఖచ్చితంగా తెలిసిన విషయం నా దగ్గర ఎప్పుడూ లేదు. దాన్ని అక్కడితో వదిలెయ్యడం నావల్ల కాలేదు. తల బాగా కనబడే ఫొటో ఒకటి ఎంచి, ఎర్ర బాణం గుర్తు పెట్టి, "ఉడుము! మన మూడో బ్లాకు వెనక, నీళ్ల గొట్టం దగ్గర. రోజూ ఎండ కాచుకోవడానికి ఇక్కడికే వస్తుంది" అని గ్రూపులో పెట్టాను. 'రోజూ' అన్నది నా సొంత కవిత్వం. నేను చూసింది ఒక్క రోజే.

అభినందనలు ఇంకా వస్తుండగానే ఫోను మోగింది. మా బ్లాకులోనే మూడో అంతస్తులో ఉండే బావ. చుట్టం కాదు, కానీ ఇక్కడ వరస లేనివాడు కూడా బావే. స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు. పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు, వెనకనుంచి యంత్రాల హోరు వినబడుతోంది.

"బావా, సూసినాను. అదరగొట్టీసినావ్. ఎంతుంటాది?"

నేను అక్కడే నోరు మూసుకోవాల్సింది. "తోకతో కలిపి రెండు మూరలుంటుంది బావా," అన్నాను, పెంచినవాడిలాగా.

"అయితే బాగా కొవ్వెట్టుంటాది. నాను రెండింటికి షిఫ్టు దిగుతాను. ఉడుముల్ని పట్టీ మడిసొకడు నాకు తెలుసు, ఆడిని తోలుకొచ్చీత్తాను. అమ్మ మోకాళ్లు సూత్తన్నావు కదా, మేడ దిగి ఏడాదైపోనాది. ఉడుము నూనె రాత్తే లేసి నడిసీత్తాదంట."

నేను గొంతు తగ్గించాను. "బావా, అది నేరం. అడవి జంతువుని పట్టుకుంటే కేసు పెడతారు."

"నువ్వు సెప్పకపోతే ఎవలికి తెలుస్తాది?" అని నవ్వాడు. "అయినా ఊరందరికీ సెప్పినోడివి నువ్వే కదేటి బావా. బాణం గుర్తు కూడా ఎట్టినావు."

ఫోను పెట్టేసి గ్రూపు తెరిస్తే, బావ ఆ శుభవార్త అక్కడ కూడా చెప్పేశాడు. మొదటి బ్లాకాయన "మేం శాకాహారులం, నూనె మాత్రం చిన్న సీసాడు ఉంచండి" అని రాశాడు. శనివారం భజనలు చేయించే పెద్దాయన "చర్మం చింపకుండా తియ్యమని ఆ మనిషికి చెప్పండి, మా కంజీర పాడై చాన్నాళ్లయింది" అన్నాడు. కంజీరకి ఉడుము చర్మం బిగిస్తారని నాకు ఇవాళే తెలిసింది. అసోసియేషన్ కార్యదర్శి అన్నిటికంటే ధర్మంగా, "గొట్టం ఉమ్మడి స్థలంలో ఉన్నందున పంపకం కమిటీ ద్వారా జరగాలి" అని తేల్చాడు. ఉడుము ఇంకా ఎండలోనే పడుకుని ఉంది. వాటాలు మాత్రం అయిపోయాయి. చట్టం గురించి ఒక్కరూ అడగలేదు.

ఫొటో తీసేశాను. "అయ్యో, తీసేశారేం? పర్లేదు, నా దగ్గర ఉంది" అని ఒకాయన దయతో మళ్లీ పెట్టాడు. అటవీ శాఖకి ఫోను చేశాను. అవతల మనిషి ఓపిగ్గా విని, "ఎవరైనా పట్టుకుంటుంటే వెంటనే చెప్పండి, వస్తాం. అది దాని చోట అది ఉంటే ఎవరికీ చెప్పకుండా వదిలెయ్యండి" అన్నాడు. ఎవరికీ చెప్పకుండా. బావ మీద ఫిర్యాదు చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. పిలిచి పళ్లెంలో పెట్టినట్టు పెట్టింది నేను, జైలు అతనికా?

అదే పారిపోతే బాగుండునని కర్ర తీసుకెళ్లి నేల మీద కొట్టాను. అది విసుగ్గా నాలుక చాపి, తిరిగి గొట్టంలోకే దూరింది. పట్టేవాడికి అంతకన్నా వీలైన చోటు ఉండదు. అంటే నా సాయం అక్కడ కూడా ఉడుముకి అక్కరకు రాలేదు.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమెకి నా గ్రూపంటే మొదట్నుంచీ గిట్టదు.

"ఏటండీ, మీరు సెప్పినవన్నీ తప్పులే అయినాయి కదా. పునుగుపిల్లి చిరుతైపోనాది, ట్యూబు పామైపోనాది. ఇదొక్కటీ నిజమని ఆల్లెలగ నమ్మీసినారో నాకర్థం కాదు," అంది ముల్లంగి తొక్క తీస్తూ.

ఆమె ఎగతాళికే అంది. నాకు మాత్రం దారి కనిపించింది. ఉడుము బతకాలంటే నా పరువు పోవాలి. చాలాసేపు ఆలోచించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి సరిగ్గా చెప్పాను కదా, ఆ ఒక్కటీ వదులుకోవాలా అని మనసు పీకింది. గడియారంలో పన్నెండు దాటాక రాశాను:

"అందరూ క్షమించాలి. పొద్దున పెట్టిన ఫొటో మన కాలనీది కాదు. ఇంటర్నెట్‌లో దొరికింది. మీ అందరి మెప్పు కోసం మన గొట్టం దగ్గర తీశానని అబద్ధం చెప్పాను. అక్కడ ఏ ఉడుమూ లేదు."

ఇన్నాళ్లూ చెప్పినవి తెలియక చెప్పిన అబద్ధాలు. తెలిసి చెప్పింది ఇదొక్కటే. నమ్మరేమోనని భయపడ్డాను. నా గర్వం ఇంకా చావలేదనడానికి అదే రుజువు. నేను ఫోను కింద పెట్టేలోపే అందరూ నమ్మేశారు.

"నేను అనుకుంటూనే ఉన్నాను." "ఆ గొట్టం మనది కాదని చూడగానే తెలిసిపోయింది" అన్నాడు రోజూ ఆ గొట్టం పక్కనుంచే నడిచే మొదటి బ్లాకాయన. "వయసుకి తగిన పని కాదు" అన్నాడు భజన పెద్దాయన. ఇకమీదట నేను ఫొటోలు పెట్టరాదని కార్యదర్శి ఉత్తర్వు జారీచేశాడు. వాటా పోయినవాళ్ల కోపం ఎంత న్యాయంగా ఉంటుందో అప్పుడు చూశాను.

బావ ఫోను చేశాడు. "ఏటి బావా ఇది! నాను ఆ మడిసికి సెప్పీసినాను. అమ్మకి కూడా సెప్పీసినాను, నూనె వత్తందని. ఇప్పుడు అమ్మకేటి సెప్పమంటావు?"

ఉడుము తప్పించుకుంది, వాళ్లమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. "అత్తని గాజువాకలో ఎముకల డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను బావా. ఇవాళే. కారుంది కదా," అన్నాను. అతను బావ కాబట్టి వాళ్లమ్మ నాకు అత్త.

"నువ్వు సెప్పిన డాక్టరు పశువుల డాక్టరు కాకపోతే సరే," అన్నాడు.

షిఫ్టు దిగొచ్చాక ఇద్దరం కలిసి ఆమెని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుంటూ మెట్లు దింపాం. లిఫ్టుంది గానీ, "ఆ పెట్టిలోకి నాను దూరను" అని ఆమె పంతం. కారెక్కించాక బావ ఆవలిస్తూ మేడెక్కిపోయాడు.

డాక్టరు చూసి మాత్రలు రాసి, కాళ్లకి వ్యాయామాలు నేర్పి, చేతికర్రతో రోజూ కాస్త నడవాలన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక లారీ వెనక ఇరుక్కుపోయాం. అత్త అద్దంలోంచి లారీని చూస్తూ అడిగింది.

"ఏటి బాబూ, ఆ ఫొటో ఎక్కడిదో అన్నావంట?"

"ఇంటర్నెట్‌లో దొరికిందత్తా."

"మరి మన గొట్టం కాడ ఉండీది ఎవలు?"

నేను బ్రేకు మీంచి కాలు తియ్యడం మర్చిపోయాను. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నారు.

"వానలు పడ్డకాడ్నించీ సూత్తన్నాను," అంది. "నాను బాల్కనీలో టీ తాగీసరికి అదీ వత్తాది. ఆడు షిఫ్టుకి పోతాడు, కోడలికి వంట, మనవలకి బడి. నాకు దిగడానికి నేదు, దానికి ఎక్కడానికి నేదు. ఇద్దరం అలగే ఎండలో ఉంటాం."

"మరి ఇంట్లో చెప్పలేదేం అత్తా?"

"సెప్తే ఏటవుతాదో ఇవాళ సూసినావు కదా. పొద్దుట ఆడు ఫోను సేసి నూనె తెత్తన్నానంటే నా గుండె జారిపోనాది. వద్దంటే ఇంటాడా? నా మోకాలు నొప్పి నాకన్నా ఆడికే ఎక్కువ." "సూసినవన్నీ సెప్పీయాలా బాబూ?" అంది. తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. పోర్టు సంగతులు, పురుగుల సంగతులు అన్నిటికీ జవాబులున్న నేను, "తెలీదత్తా," అన్నాను.

ఇంటికొచ్చి, వాచ్‌మన్ సాయంతో ఆమెని కుర్చీలోనే పైకి చేర్చేసరికి ఇంకా వెలుతురుంది. బావ గురకపెట్టి నిద్రపోతున్నాడు. ఆమె కుర్చీ బాల్కనీలో వేశాను. ఫోను ఇంట్లో పెట్టేసి వెనక గోడ దగ్గరికి వెళ్లాను. మెట్లకి వెయ్యగా మిగిలిన పగిలిన టైల్సు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి. నడిచేవాళ్లకి గొట్టం కనబడకుండా, అలాగని దానికి దారి మూసుకుపోకుండా, ఒక్కొక్కటే తెచ్చి ఏటవాలుగా నిలబెట్టడం మొదలుపెట్టాను.

రెండోది పెట్టి తలెత్తి చూశాను. పైనుంచి అత్త గట్టిగా అరవకుండా చేత్తోనే సైగ చేసింది, తనకి అడ్డొస్తోంది, కాస్త ఎడమకి జరపమని. జరిపాను. ఇంకొంచెం అంది. ఇంకొంచెం జరిపాను. అప్పుడు చెయ్యి దించి కుర్చీలో వెనక్కి ఆనుకుంది.