రెండు రాతిపలకల మీద రెండు ముఖాలు

మా వీధి పఠన సంఘం అధ్యక్షుడితో నేను మాట్లాడటం మానేసి రెండేళ్లవుతోంది. ఎవరైనా కారణం అడిగితే డైరీ తీసి చూపిస్తాను. అడగకపోయినా చూపిస్తాను.

నేను ఆదోనిలో సాంఘికశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక ఎమ్మిగనూరులో ఉంటున్నాను. ఆ ఏడు గణతంత్ర దినానికి ఒక ప్రదర్శన పెడదామని నేనే అన్నాను. ఫ్రాన్సు విప్లవంలో వెలువడిన మానవ హక్కుల ప్రకటన, దాని ప్రభావంతో అక్కడివాళ్లు గీసిన బొమ్మలు, రాసిన రాతలు. పేకముక్కల్లో రాజులను తీసేసి వేరే బొమ్మలు అచ్చువేసుకున్నారు. భోజనం పళ్లాల మీద కూడా విప్లవం గుర్తులు వేయించుకున్నారు. ఇవన్నీ పత్రికల నుంచి కత్తిరించి ఏళ్ల తరబడి నా డైరీల్లో దాచుకున్నవి. ప్రకటనలోని పదిహేడు అంశాలను నాలుగు నెలలు కూర్చుని తెలుగు చేశాను. మగ్గం నేసేవాళ్లు వాటిని చదవాలి. నాకు కావలసింది అంతే.

వేదిక వెనక కట్టడానికి ఆనాటి వర్ణచిత్రం ఒకటి ఎంచుకున్నాను. పక్కపక్కన రెండు రాతిపలకలు, వాటి మీద ఆ అంశాలు. పైన ఒకవైపు సంకెళ్లు తెంచుకున్న స్త్రీ, మరోవైపు రెక్కల దేవత. ఫ్రెంచి అక్షరాలు చెరిపించి, పలకలు ఖాళీగా ఉంచి, వాటిలో వేయవలసిన తెలుగు కాగితం జతచేసి, ఆదోనిలో ఫ్లెక్సీ షాపులో ఇచ్చి వచ్చాను.

సభకు ముందురోజు సాయంత్రం ఫ్లెక్సీ వచ్చింది. విప్పాం. ఎడమ పలకలో అధ్యక్షుడు నమస్కారం పెడుతున్నాడు. కుడి పలకలో ఆయన బావమరిది, నల్లకళ్లద్దాలతో.

షాపతనికి ఫోన్ చేశాను.

“రెండు డబ్బాలు ఖాళీ ఇడిసినారు కదా సార్. మీ కాగితం యాడ పడిపోయెనో. ఫోటోలకేమో అనుకుంటి. మీ అధ్యక్షునివి, ఆయప్ప బావమరిదివి మా కంప్యూటర్లో ఎప్పుడూ ఉంటాయి,” అన్నాడు.

అతన్ని ఏమనగలను? మా వైపు ఫ్లెక్సీలో ఖాళీ జాగా అంటే ఎవరిదో ఒకరి మొహానికే.

అధ్యక్షుడు మాత్రం మురిసిపోయాడు. “బాగుండాది కదప్పా! పైన దేవతలు, కింద మేము.”

“ఇది మార్పించాలి,” అన్నాను.

“అచ్చరాలు ఎవురు సదువుతారు సార్? మొగముంటేనే జనం సూస్తారు.”

“రాజు మొహం పేకముక్కల్లో కూడా ఉండకూడదన్నవాళ్ల బొమ్మ ఇది.”

“అయితే నన్ను రాజంటిరి. సంతోషం!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను గోడలకు అంటించినవన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, వరుస చెడకుండా సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు సభ ఆ ఫ్లెక్సీ ముందే జరిగింది.

సభ ముగిశాక, ఎదురింట్లో ఉండే, మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆమె మా ఇంటికి వచ్చింది. “సదువుదామని పోతే గోడలన్నీ బోడిగా ఉండాయి. యాడ పెట్టినారు సార్?”

కాగితాలిచ్చాను. అరుగు మీద కూర్చుని నిదానంగా చదివింది.

“దీంట్లో ఆడోళ్ల మాటే లేదే?”

ఉన్నమాట చెప్పాను. ఆ రోజుల్లోనే ఒకామె ఇదే అడిగి, అంశానికి అంశం జవాబుగా స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. తర్వాత, ఆమె రాసిన రాజకీయ రాతలకు విప్లవకారులే ఆమె తల తీయించారు.

“రాసినందుకు తల తీసినారా?”

“అవును.”

“మీరు రెండు మొగాలు సూసి కాగితాలు ఎత్తుకొని వస్తిరి. జనం సదవరని ఆయప్ప అనెనంట. సదవకుండా మీరు జేస్తిరి.”

నాకు ఒళ్లు మండింది. ఆ కాగితాలు తమ మగ్గాల షెడ్డులో అంటిస్తానని అడిగితే, జిరాక్స్ తీయించి ఇస్తానన్నాను.

“ఇంగ ఇచ్చినట్లే,” అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

డైరీలో ఆ రోజు అధ్యక్షుడి మీద ఒక పేజీ నిండా రాశాను. ఆమె మీద నాలుగు పంక్తులు. ఆ నాలుగూ ఎన్నిసార్లు చదివినా ఆమె మాటలో తప్పు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే అసలు కాగితాలే తీసుకుని షెడ్డుకు వెళ్లాను. ఆమె పోగులకు గంజి కలుపుతోంది, తలెత్తలేదు. నేను గోడ మీద నా కంటి ఎత్తులో కాగితం ఆనించి చూస్తుంటే, “ఆడ కాదు సార్. నేసేవాళ్లు మగ్గం గుంతలో కూసుంటారు. కిందికి రావల్ల,” అంది.

మోకాళ్ల మీద కూర్చుని, మొదటి అంశం నుంచి అంటించడం మొదలుపెట్టాను.