ఎదుటి కుర్చీ

వాదన మొదలయ్యే ముందు లాజిక్ మేడం ఎదుటి కుర్చీని సుద్దపొడి అంటిన రుమాలుతో తుడుస్తుంది. అందులో ఎవరూ కూర్చోని రోజున ఇంకా శ్రద్ధగా తుడుస్తుంది. ఆ చిన్న కాలేజీలో డిబేటింగ్ క్లబ్ ఆమె ప్రాణం. ఎదుటి పక్షానికి మనిషి దొరక్కపోయినా దాని సమయం దానికి ఇవ్వాలన్నది అక్కడి నియమం. గంట కొట్టి, ఇసుక గడియారం తిరగేసి, ఖాళీ కుర్చీని చూస్తూ అందరూ మౌనంగా ఉండాలి. ఆ అందరిలో ఇప్పుడు ఒక్క పిల్లే మిగిలింది. "ఒక్క పిల్లతో వాదనేమిటమ్మా, గోడతోనా? ఇక మూసేద్దాం," అన్నారు ప్రిన్సిపాల్. "క్లబ్ ఉండాలో వద్దో వాదించే తేల్చుకుంటాం సార్," అంది మేడం.

ఆ సాయంత్రం క్లబ్ ఉండి తీరాలని పిల్ల గుక్క తిప్పుకోకుండా మాట్లాడి కూర్చుంది. మేడం గంట కొట్టింది. ఇసుక జారుతున్నంతసేపూ ఖాళీ కుర్చీ వైపు ఒరిగి వింది. మధ్యలో తల ఊపింది. చివరికి వచ్చేసరికి ఆమె మొహం పాలిపోయింది.

"ఎదుటి పక్షం గెలిచింది," అంది.

"అదేంటి మేడం! అక్కడ ఎవరూ లేరు కదా!"

"అదేనమ్మా అది చెప్పింది. జవాబుందా నీ దగ్గర?"

పిల్ల నవ్వబోయి, కుర్చీని చూసి తన పుస్తకాలు సర్దుకుంది.

మర్నాడు పొద్దున్నే క్లబ్ గదికి తాళం వేయడానికి మేడం వచ్చింది. తలుపు బార్లా తెరిచి, పక్కకు ఒదిగి, గెలిచినవాళ్ళకు దారి ఇస్తున్నట్టు తల వంచి కాసేపు నిలబడింది. ఆ తర్వాతే తలుపు మూసింది.