ఊపిరి లేని పదకొండు నిమిషాలు

దయ్యాల కబుర్లు మొదలైతే టీ గ్లాసు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయే రకం నేను. మా అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తానంటే, వాటిని పప్పులో వేస్తే రుచైనా వస్తుందనేదాన్ని. ఇప్పుడు కూడా ఎవరినీ నమ్మించాలని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టకపోతే నా మనసు నిలవదు, అంతే. పేర్లన్నీ మార్చాను.

నా ఉద్యోగం భాష మీద పరిశోధన. గుంటూరులో మేం నలుగురం కలిసి ఒక ప్రాజెక్టు చేశాం. నేను, లా కాలేజీలో పాఠాలు చెప్పే సుబ్బారావు గారు, ఒక డాక్టరమ్మ, సౌండ్ ఇంజినీరు రమణ. విషయం మరణ వాంగ్మూలాలు. చావుబతుకుల్లో ఉన్న మనిషి మేజిస్ట్రేటు ముందు తన మాటల్లో చెప్పింది కాగితం మీదకి ఎక్కేసరికి ఎంత మారుతోందన్నది మా ప్రశ్న. మనిషి "మంట, కడుపంతా మంట" అంటాడు. కాగితం మీద "తీవ్రమైన ఉదర బాధతో" అని పడుతుంది. ఆ కాగితాన్ని పట్టుకునే ఎవరో ఒకరు జైలుకి వెళ్తారు, ఎవరో ఒకరు ఇంటికి వెళ్తారు.

కోర్టు అనుమతి, రోగి అంగీకారం రెండూ ఉన్నప్పుడే మేం వార్డులోకి వెళ్ళేవాళ్ళం. మంచం పక్కన బ్యాటరీతో నడిచే చిన్న రికార్డరు పెట్టి, గోడకి ఆనుకుని నిలబడాలి. నోరు మెదపకూడదు. అది మేమే పెట్టుకున్న నియమం. తర్వాత ఆఫీసుకి వచ్చి విన్నది విన్నట్టు రాయాలి. దగ్గు, మూలుగు, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాడో, అన్నీ.

ఒంగోలులో ఒక ఆసుపత్రి. రోగి పేరు శ్రీను అనుకుందాం. ముప్పై ఆరేళ్ళు, పర్చూరు వైపు ఊరు, నాలుగెకరాల పత్తి. ముందురోజు మధ్యాహ్నం చేలో, కలుపుని చంపే గడ్డి మందు తాగాడు. ఆ మందు సంగతి మా డాక్టరమ్మ ముందే చెప్పింది. తాగిన మనిషికి తెలివి పోదు. నోరూ గొంతూ పుండైపోతాయి, ఊపిరితిత్తులు ఆగిపోతూ ఉంటాయి, మనిషి మాత్రం అన్నీ చూస్తూనే ఉంటాడు.

అతను తనంతట తాను తాగలేదు. సీసా చేతికిచ్చింది భార్య కోటేశ్వరమ్మ. అన్నం తెచ్చి గట్టు మీద కూర్చుంది, అతను దాహమంటే పక్కనున్న సీసా అందించింది. నీళ్ళనుకున్నానని పోలీసులకి చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఉంది. ఆ వైపు కొట్లలో పెద్ద డబ్బా కొనలేనివాళ్ళకి గడ్డి మందు పాత కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇస్తారు. నీళ్ళకీ అవే సీసాలు. అందుకని మందు సీసా మెడకి ఎర్ర పేలిక కట్టడం ఆ ఊళ్ళో అందరికీ అలవాటు. నడవడం నేర్చిన పిల్లలకి కూడా పేలికున్న సీసా ముట్టుకోకూడదని తెలుసు. శ్రీను సీసాకి పేలిక లేదు. అంటే ఆమే విప్పేసిందని అత్తింటివాళ్ళు కేసు పెట్టారు. పొలం తన పేర రాయమని ఆమె పోట్లాడుతోందని కూడా చెప్పారు.

మధ్యాహ్నం పన్నెండుంబావుకి మేజిస్ట్రేటు వచ్చారు. స్పృహలో ఉన్నాడని, మాట్లాడగలడని డ్యూటీ డాక్టరు సంతకం పెట్టారు. శ్రీను రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఎగపీలుస్తున్నాడు. మందు ఎవరిచ్చారని మేజిస్ట్రేటు అడిగారు. "మా ఆవిడ... ఇచ్చింది" అన్నాడు. ఆమే ఇచ్చిందా అని మళ్ళీ అడిగారు. "ఆమే" అన్నాడు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా రాసుకున్నాడు. తర్వాత శ్రీను ఎడమ చెయ్యి పైకెత్తాడు. పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు. నర్సు సెలైన్ సూది ఊడుతుందని ఆ చేతిని మంచానికి ఆనించి పట్టుకుంది.

ఇంకేదో చెప్పబోతున్నాడని నాకు అనిపించింది. నా నోట్సులో "ఎడమ చెయ్యి రెండుసార్లు ఎత్తాడు" అని రాసుకున్నాను. చెప్పొచ్చు కదా, అయ్యా ఒక్క నిమిషం ఆగండని. చెప్పలేదు. నియమం. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

పద్నాలుగు నిమిషాలకి అంతా అయిపోయింది. వేలిముద్ర వేయించుకున్నారు. నేను రికార్డరు ఆపి, ఎర్ర దీపం ఆరిందని చూసుకుని, బ్యాగులో వేసుకున్నాను. మూడున్నరకి గుంటూరు బస్సెక్కాను. బ్యాగు ఒళ్ళో ఉంది. మేదరమెట్ల దగ్గర డాక్టరమ్మ ఫోన్ చేసి, మూడు యాభై ఐదుకి శ్రీను పోయాడని చెప్పింది. ఇలాంటి ఫోన్లు ఆ ఏడాది చాలా వచ్చాయి. సరేనన్నాను. బస్సు చిలకలూరిపేటలో ఆగితే దిగి టీ తాగాను కూడా.

మర్నాడు ఉదయం పదింటికి ల్యాబులో ఫైలు తెరిచాను. పద్నాలుగు నిమిషాలు ఉండాల్సింది ఇరవై ఐదు నిమిషాలు చూపించింది. ఆపడం మర్చిపోయానేమో, బ్యాగులో బస్సు రొద రికార్డయిందేమో అనుకుని ముందుకి జరిపి విన్నాను.

బస్సు లేదు. వార్డులోని ఫ్యాను చప్పుడు, ఆక్సిజన్ బుస, ఏవీ లేవు. ఒక మగగొంతు తాపీగా మాట్లాడుతోంది. చేలో నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్న మనిషి మాట్లాడినట్టుంది.

"సీసా మూత తియ్యబోతే వేలు తెగింది. కట్టుకోడానికి గుడ్డ లేదు. సీసాకున్న పేలిక ఊడదీసి చుట్టుకున్నా. పైన కవరు తొడుక్కుని చేలో మందు కొట్టా. మళ్ళా కడదామనే అనుకున్నా. మర్చిపోయా."

ఫోన్లో మాట్లాడేవాళ్ళలాగా కాసేపు చెప్పడం, కాసేపు ఆగడం. మందు వాసన ముక్కులోనే ఉండటంతో తాగేటప్పుడు తేడా తెలియలేదని చెప్పాడు. రెండు గుక్కలయ్యాక తెలిసిందన్నాడు. నీళ్ళ సీసా, మందు సీసా పక్కపక్కన పెట్టింది తానేనన్నాడు.

నాకు భయం వెయ్యలేదు. కాగితం తీసుకుని, రోజూ చేసే పనిలాగే, మాటలూ ఆగిన సెకన్లూ రాసుకుంటూ పోయాను. అయ్యాక రమణని పిలిచాను.

రమణ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. తర్వాత తెర మీద ఆ శబ్దాన్ని గీతగా పరిచి వేలు పెట్టి చూపించాడు. మాట్లాడే ప్రతి మనిషీ మధ్యలో గాలి పీల్చుకుంటాడు. మొదటి పద్నాలుగు నిమిషాల్లో శ్రీను పీల్చిన ప్రతి ఊపిరీ గీత మీద ముళ్ళలాగా కనిపిస్తోంది. తర్వాతి భాగంలో మాటకీ మాటకీ మధ్య గీత చదునుగా ఉంది.

"ఊపిరెక్కడుంది మేడమ్? పదకొండు నిమిషాల్లో ఒక్కసారీ పీల్చలేదు," అన్నాడు.

ఇంకొకటి కూడా రమణే తేల్చాడు. కరెంటున్న ప్రతి గదిలోనూ చెవికి వినపడీ వినపడని సన్నటి హోరు ఉంటుంది. అది సెకను సెకనుకీ కొద్దిగా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. కరెంటు లైన్లన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి కాబట్టి ఒంగోలులో ఎలా మారితే గుంటూరులోనూ అలాగే మారుతుంది. మా ల్యాబులో ఒక పెట్టె ఆ హోరుని రోజంతా రికార్డు చేస్తూ ఉంటుంది. ఏదైనా ఆడియోలో ఉన్న హోరుని దానితో పోల్చి చూస్తే, ఆ ఆడియో ఏ నిమిషంలో రికార్డయిందో చెప్పొచ్చు. ఆ పదకొండు నిమిషాలు మొదలైంది నాలుగూ పద్దెనిమిదికి. మనిషి పోయిన ఇరవై మూడు నిమిషాల తర్వాత. ఆ టైముకి రికార్డరు నా ఒళ్ళో, బస్సులో ఉంది. బస్సులో ఆ హోరు ఉండదు.

రమణ ఏదైనా గారడీ చేశాడా అని కూడా ఆలోచించాను. ఫైలు మొదట తెరిచింది నేను. రికార్డరు రాత్రంతా మా ఇంట్లో, నా బ్యాగులోనే ఉంది. అసలు పేలిక ఎక్కడికి పోయిందో బతికున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు.

సుబ్బారావు గారు ఫైలు విన్నారు. బతికున్న మనిషి చెప్పిందే వాంగ్మూలమని, ఇది కోర్టులో పెడితే మొదట మనల్నే లోపలేస్తారని, దొంగ ఆడియో తెచ్చారని ఆమె కేసు ఇంకా పాడవుతుందని చెప్పారు. అప్పటికే కోటేశ్వరమ్మని రిమాండుకి పంపారు. ఆమెకి బెయిలు కూడా రాలేదు.

"ఫైలు సంగతి మర్చిపోండి. పేలిక వెతుకుదాం," అన్నారు.

డాక్టరమ్మ కేసు షీటు తిరగేసింది. అడ్మిషన్ రోజు ఒంటిమీది మందు కడిగేటప్పుడు నర్సు రాసిన ఒక ముక్క అందులో ఉంది. ఎడమ చూపుడు వేలికి గుడ్డ కట్టు, తీసి బట్టలతో పాటు సంచిలో వేశాం అని. ఆ ముక్క అందరి కళ్ళ ముందూ ఉంది. చిన్న గాయం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సుబ్బారావు గారు కోటేశ్వరమ్మ లాయరుకి, ఆ సంచిలో ఏముందో అడగమని మాత్రమే చెప్పారు. కోర్టు సంచి తెప్పించింది. ఎర్ర పేలిక. ఒకవైపు రక్తం, గుడ్డంతా గడ్డి మందు. ఆమె పాత చీర చింపి కట్టిందే, మిగతా ముక్క ఇంట్లో దొరికింది.

కేసు కొట్టేసేసరికి ఏడాది దాటింది. అంతకాలం ఆమె జైల్లోనే ఉంది.

విడుదలైన పది రోజులకి ఆమె మా ఆఫీసుకి వచ్చింది. నేను అనుకున్నంత పెద్దది కాదు. ముప్పై కూడా ఉండవేమో. జైల్లో కత్తిరించారో ఏమో, జుట్టు పొట్టిగా ఉంది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. సంచిలో పేలిక ఉన్నట్టు మీకెలా తెలిసిందని లాయరుని అడిగితే, ఆయన మా పేరు చెప్పాడట.

కేసు షీటులో ఉందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆమె నా మొహం వంకే చూస్తూ కూర్చుంది. నేను అంతకంటే దాచలేకపోయాను. పక్కనే ఉన్న సుబ్బారావు గారు వద్దన్నట్టు తల ఊపి బయటికి వెళ్ళిపోయారు. ఆమెకి హెడ్‌ఫోన్స్ పెట్టి ఫైలు వేశాను.

మొదటి మాటకే కళ్ళు మూసుకుంది. ఏడవలేదు. ఇది ఆసుపత్రి గొంతు కాదని, చేలో తనని పిలిచే గొంతని చెప్పింది. తర్వాత గమనించాను, ఆమె పెదాలు కదులుతున్నాయి. అతను మాట్లాడుతున్నప్పుడు కదలడం లేదు. అతను ఆగినప్పుడు మాత్రమే కదులుతున్నాయి. నా దగ్గరున్న కాగితం ముందు పెట్టుకున్నాను. తొమ్మిది సెకన్లు, ఆరు సెకన్లు, పదిహేను సెకన్లు. ఆమె పెదాలు ఎక్కడా తడబడలేదు. ఆమె ఆపిన వెంటనే అతను అందుకుంటున్నాడు.

మధ్యలో ఆపి, ఏమంటున్నారని అడిగాను.

"ఆ రోజు అడిగిందే అమ్మా. ఆయన పోయాడని పోలీసులు చెప్పాక, ఆసుపత్రి ఔట్‌పోస్టులో బల్ల మీద కూచోబెట్టారు. అరవొద్దన్నారు. చీర కొంగు నోట్లో పెట్టుకుని లోపల్లోపలే అడిగా. పేలిక ఏం చేశావయ్యా, వాసన తెలీలేదా, రెండు సీసాలూ ఒకచోట ఎందుకు పెట్టావని."

ఎన్నింటికని అడిగాను. గోడ మీద గడియారం ఉందని, నాలుగు దాటిందని చెప్పింది.

మిగతాది వేశాను. అతని చివరి మాట, సీసాలు పక్కన పెట్టింది నేనేనన్నది, వచ్చి ఆగిపోయింది. దాని తర్వాత ఫైలులో నలభై సెకన్లు ఖాళీ ఉంది. ఆమె పెదాలు ఇంకోసారి కదిలాయి. తర్వాత కదలకుండా కూర్చుంది. ఫైలు అయిపోయినా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

"ఇంకా ఉందా అమ్మా?"

లేదన్నాను. చివర్లో ఏమడిగారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మేజిస్ట్రేటుగారితో ఆమే ఇచ్చింది అన్నావంటగా. నేను కావాలని ఇచ్చాననుకున్నావా అనడిగా."

ఆ నలభై సెకన్లు మళ్ళీ వెయ్యమంది. వేశాను. ఇంకోసారి వెయ్యమంది. మూడోసారి తనే హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి, పర్చూరు బస్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కుని వెళ్ళిపోయింది.

ప్రాజెక్టు ముగిసింది. మా రిపోర్టులో ఈ కేసు లేదు. డాక్టరమ్మ దీని గురించి మాట్లాడదు. రమణ ఆ ఉద్యోగం మానేశాడు, కారణం చెప్పలేదు. నేను ఇప్పటికీ దయ్యాలున్నాయని అనలేను. ఆ పదకొండు నిమిషాలు నా రికార్డరులోకి ఎలా వచ్చాయో కూడా చెప్పలేను. నాకు తెలిసిన చదువంతా పెట్టి చూశాను, ఎక్కడా అతకలేదు.

వెళ్ళిపోయే ముందు రమణ ఆ చివరి నలభై సెకన్లని ఎంత పెంచగలడో అంతా పెంచి చూశాడు. కరెంటు హోరు తప్ప ఏమీ లేదు. కోటేశ్వరమ్మ మాత్రం నెలకోసారి ఫోన్ చేస్తుంది. పత్తి ఎలా ఉందో, వానలు పడ్డాయో లేదో చెప్తుంది. పెట్టేసే ముందు, ఏమన్నా వినపడిందా అమ్మా అని అడుగుతుంది. ఇంకా లేదండి అని చెప్తాను.