మేడమీది రాములవారికి మూడు వెలుగులు

తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక మా అత్తయ్య ఒక్కటే కోరారు: మేడమీది పూజగదిలో ఉన్న రాములవారిని రోజూ చూడాలి. మెట్లెక్కించవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పోనీ విగ్రహాలను కిందికి తెద్దామంటే ఆవిడే ఒప్పుకోలేదు.

“మీ మామగారు కూర్చోబెట్టిన చోటది. నా నడుం కోసం దేవుడిచేత ఇల్లు మార్పిస్తారుటే?”

ఎనభైల చివర జూబ్లీహిల్స్‌లో మా ఇంటి చుట్టూ ఇళ్ళకన్నా బండలే ఎక్కువ. బడి మొహం చూడకుండా కాపురానికి వచ్చిన నాకు, ఆ పూజగది గడప దగ్గరే అత్తయ్య అక్షరాలు దిద్దించారు. ఆవిడకి స్వామిని చూపించలేకపోతే ఎలా? ఫోటో తీయిద్దామన్నాను.

సినిమాలకు స్టిల్స్ తీసే కుర్రవాడొకడిని మావారు యూసుఫ్‌గూడ నుంచి పిలిపించారు. అత్తయ్య మంచంమీద నుంచే ఆంక్ష పెట్టారు.

“ఫ్లాషు కొట్టకు నాయనా. స్వామి కళ్ళల్లోకి ఆ మెరుపేంటి?”

“కొట్టనమ్మా. ఎండ ఎలుగుతోనే తీస్త.”

పొద్దు పొడుస్తుండగా ఒకటి తీసి పెదవి విరిచాడు. కిటికీ విగ్రహాల వెనక, తూర్పుగోడకుంది. “ఎలుగు ఎనకనుంచి కొడ్తుందమ్మా. మొహాలు నల్లగ పడ్తయి. జర ఆగాలె.”

ఆగాడు. రోజూ ఊడ్చి తుడిచే గదే అయినా, వెలుగు అందులో అంతగా తిరుగుతుందని నేను ఆరోజే చూశాను. మధ్యాహ్నం మేడమీది నాపరాళ్ళ మీద పడ్డ ఎండ తలుపులోంచి పైకి లేచి, స్వామి గడ్డాన్ని వెలిగించి కళ్ళను నీడలో వదిలేసింది. అదొకటి తీశాడు. పొద్దు వాలేసరికి పడమటి ఎండ సూటిగా లోపలికొచ్చింది. ఇత్తడి విగ్రహాలు భగ్గుమని, చూడడమే కష్టమైంది. “ఇగ ఇప్పుడైతే అసలే వద్దు,” అని కెమెరాకి మూతపెట్టి కూర్చున్నాడు. సూర్యుడు బండల వెనక్కి దిగాక గదంతా మెత్తబడింది. నేను దీపం వెలిగించాను. కెమెరా స్టాండుమీద పెట్టి, “కదలకమ్మా, నీ నీడ గూడ కదలొద్దు,” అన్నాడు. రామనామం మనసులోనే అనుకుంటూ నిలబడ్డాను.

ప్రింట్లు వచ్చాక దీపాలవేళ ఫోటో ఒక్కటే అత్తయ్య చేతికిచ్చాడు. మొహం, నామం, చిరునవ్వు, అన్నీ ఉన్నాయి. ఆవిడ కళ్ళకద్దుకున్నారు. ఆ తరువాత, “సాయంత్రానికి ఇది సరే. పొద్దున్న లేచి ఎవర్ని చూడను?” అన్నారు.

“పొద్దుగాలది ఖరాబైందమ్మా.”

“చూపించవోయ్.”

నసుగుతూ కవరులోంచి తీశాడు. నల్లటి ఆకారం, కిరీటం అంచున సన్నటి బంగారు గీత. అత్తయ్య ఆ గీత వెంట వేలు పోనిచ్చారు.

“ఇలాగే ఉండేవాడు. నేను వెళ్ళేసరికి మొహం కనపడేది కాదు. దీపం పెడితేనే కనపడేది. ఆ మధ్యాహ్నందీ ఇటివ్వు. ఇదిగో చూడు, నైవేద్యం అయ్యాక కునుకుపాట్లు పడుతున్నట్టున్నాడు!”

“ఖరాబైనయి గూడ ఇడ్చిపెడ్తలేవు గదమ్మా!” అని అతను నవ్వాడు. అంత ఓపిక అతనికిచ్చిన స్వామికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మూడింటికీ ఒకటే ఫ్రేము. వేళకు తగ్గట్టు మార్చడం నా వంతు. పగలంతా ట్యూబులైటు వెలిగే కింది గదిలో అత్తయ్యకు పొద్దు తెలిసేది అలాగే. ఒకరోజు వంటలో పడి పొద్దుటి ఫోటో మార్చడం మరిచిపోయాను. మధ్యాహ్నం కేక వినిపించింది.

“అమ్మాయ్! అన్నాలవేళయింది. మీ ఇంట్లో రాములవారికింకా తెల్లవారలేదే!”

తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తాను.