రొట్టె విరవకుండా ఆగిన ఆదివారం

నా చిన్నప్పుడు మా ఊరి యేసుప్రభువు గుడిలో పాట ఎత్తేది మా అమ్మే. ఇందుకూరుపేట అవతల, సముద్రపు గాలి ఇంట్లోకి ఉప్పగా వచ్చేంత దూరంలో ఉండేది మా ఊరు. మా గుడికి పెంకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, ఆడవాళ్లకు ఒక పక్క, మగవాళ్లకు ఒక పక్క పరిచిన ఈతచాపలు. వాయిద్యాలేవీ ఉండేవి కావు. అమ్మ పాటల పుస్తకం తెరిచి పల్లవి ఎత్తితే మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. ఆడవాళ్లలో పుస్తకం చదవడం వచ్చింది ఆమెకే. నేను ఆమెను ఆనుకుని కూర్చుని, అందరి కళ్లూ మా చాప మీదే ఉన్నాయనుకుంటూ మెడ నిక్కించుకునేదాన్ని.

సముద్రం ఒడ్డున ఉన్న పాళెం నుంచి ఒకామె తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో చేపలమ్మేది. ఆమెను మేమంతా పాళెం అక్క అనేవాళ్లం. ఒక వానాకాలం ఆమె భర్త ఎక్కిన పడవ గాలివానలో కనబడకుండా పోయింది. అప్పుడు మా పాస్టరుగారు, ఊరంతా అయ్యగారు అని పిలిచే పెద్దమనిషి, వెళ్లి పడవ తిరిగొచ్చేదాకా ఒడ్డున ఆ ఇంటివాళ్ల పక్కనే కూర్చున్నారట. ఆ తర్వాత మొగుడూ పెళ్లాం ఇద్దరూ మా కాలవలో బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరారు. అందరికంటే ముందు ఆమెను దగ్గరికి తీసి చాప మీద చోటిచ్చింది మా అమ్మే. అంతవరకూ అంతా బాగానే ఉంది.

ఒక ఆదివారం అమ్మకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. అయ్యగారు అటూ ఇటూ చూసి, “నువ్వు ఎత్తమ్మా” అని పాళెం అక్కతో అన్నారు. ఆమె చేతిలో పుస్తకం లేదు. కళ్లు మూసుకుని ఎత్తింది. వీధి ఈ కొసన అరిస్తే ఆ కొసన వినబడే గొంతు అది. వెనక గోడకు ఆనుకుని కునికే ముసలివాళ్లు కూడా లేచి కూర్చుని పాడారు. గుడి అయ్యాక ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. ఎవరో మా అమ్మ వింటుండగానే, “ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టినావుమే ఈ గొంతు?” అన్నారు. వచ్చే వారం కూడా ఆమెనే ఎత్తమన్నారు అయ్యగారు.

దారి పొడుగునా అమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. ఇంటికి వచ్చాక ఇక ఆమె నోరు ఆగలేదు. ఆమె పాడితే చేపలమ్మినట్టుందంది. మాటలు ముక్కలుగా విరిచి పాడిందంది. నేను పక్కన కూర్చుని, అమ్మ మరిచిపోయిన తప్పులు గుర్తుచేశాను. ఆమె చీర నీచు వాసన వచ్చిందని కూడా కలిపాను. అలా అంటుంటే నాకెంతో హాయిగా ఉండేది, కానీ అనడం అయిపోగానే లోపల మంట మళ్లీ మొదలయ్యేది. గొంతు నయమైనా అమ్మ గుడికి వెళ్లలేదు. ఒక వారం తలనొప్పి, ఇంకో వారం బర్రె ఈనబోతోందని. నాయన ఒక్కడే వెళ్లి వచ్చేవాడు. చేపలు కొనడం కూడా మానేశాం. పాళెం అక్క వీధంతా కేకేసుకుంటూ వచ్చి, మా ఇంటి ముందుకు రాగానే నోరు మూసుకుని, దాటాక మళ్లీ అరిచేది. మమ్మల్ని నొప్పించకూడదని అలా చేసేదేమో. అమ్మకు మాత్రం అదీ పొగరుగానే కనబడింది.

నెలకోసారి ప్రభు బల్ల ఉండేది. రొట్టె విరిచి, ద్రాక్షరసం గిన్నెతో పాటు అందరికీ పంచే ఆరాధన అది. ఎవరి మీదైనా కుళ్లు, కోపం మనసులో పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదంటారు. ఆ ఆదివారం కూడా అమ్మ వెళ్లలేదు. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. గుడి మా వీధి చివరే కాబట్టి పాట వినబడాలి. ఎంతసేపటికీ వినబడలేదు. అమ్మ పైకి ఏమీ అనకపోయినా చెవులు అటే పెట్టింది. అప్పుడు చూస్తే ఎండలో, చెప్పుల్లేకుండా, తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని పాళెం అక్క వస్తోంది.

“అక్కా, అయ్యగారు బల్ల కాడ కూర్చోనుండారు. నువ్వు రాకుండా నేను ఆ రొట్టె ముట్టనని చెప్పినాను. అయితే పోయి పిల్చుకోనిరా, మేముంటాం అన్నారు” అంది.

అమ్మ తల ఎత్తలేదు. “నాతో ఏం పని? ఎత్తేదానికి నువ్వుండావు గదా.”

“నాకు అచ్చరం ముక్క రాదక్కా. గోడవతల తట్ట దించుకోని, నువ్వు ఎత్తిన పాటలు విని నేర్చుకున్నా. నాకొచ్చిన పాటలన్నీ నీయే. నువ్వు ఇంట్లో కూర్చుంటే అయి ఎవరికి పాడేది?”

అమ్మ చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. అయినా లేవలేదు. “ఇంకా నీళ్లు పోసుకోలా” అంది.

“పోసుకోనిరా, ఉంటా” అని ఆమె అరుగు మీద చతికిలబడి, చింతపండు ముందుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను. నీచు వాసనేమీ రాలేదు. సబ్బు వాసన వచ్చింది.

అమ్మ నీళ్లు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని గడపలోకి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. “నిన్ను చూస్తే నాకు కడుపు మండతా ఉంది. రొట్టె ఎట్టా తీసుకునేది?” అంది. మా అమ్మ నోట అంత నిజం నేను ఎప్పుడూ వినలేదు.

పాళెం అక్క చేతులు దులుపుకుంది. “తెలుసు. నాకు మాత్రం మండదా? నువ్వు పుస్తకం తెరిస్తే చాలు, కుళ్లుతో చచ్చిపోతా. ఆ మంటతోనే వచ్చినా. నువ్వూ అట్నే రా.”

అమ్మకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుని మెట్టు దిగింది. ఎండలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. నేను వెనకాల పరుగెత్తాను.

గుడిలో ఒక్కరూ లేచి వెళ్లలేదు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. ముసలివాళ్లు తువ్వాళ్లతో విసురుకుంటున్నారు. తెల్లగుడ్డ కప్పిన బల్ల ముందు, మెట్టు మీద అయ్యగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి మెల్లగా లేచారు. ఎక్కడికి వెళ్లావనీ, ఎందుకు రాలేదనీ అడగలేదు.

“గుడి తలుపులు పొద్దున్నే తీసినాం. సంఘం మాత్రం ఇప్పుడు వచ్చింది” అని బల్ల మీది గుడ్డ తీశారు.

అంతవరకూ సంఘమంటే ఆ పెంకుల కప్పూ, గోడలే అనుకునేదాన్ని. మా అమ్మ ఒక్కతి రాకపోతే అంతమంది ఎండవేళ దాకా ఆకలితో కూర్చుంటారని, అదే సంఘమని, ఆరోజు కళ్లతో చూశాను.

అమ్మకు అసూయ ఆ ఒక్క రోజుతో పోలేదు. పాళెం అక్క గొంతు మరీ పైకి లేచినప్పుడు అమ్మ కనుబొమలు ముడిపడడం ఆ తర్వాత ఎన్ని ఏళ్లో చూశాను. అయినా మళ్లీ ఇంట్లో కూర్చోలేదు. సాయంత్రాలు ఆమెకు అక్షరాలు దిద్దించింది, విసుక్కుంటూనే.

ఇప్పుడు నాకు అమ్మ అప్పటి వయసుకంటే ఎంతో ఎక్కువ వయసు. నా మనసు అమ్మ మనసే. ఇంకొకరి మనవరాలు గుడిలో వాక్యం చక్కగా చదివిందంటే, ఇంకొకరి వంటను విందులో మెచ్చుకున్నారంటే, ఈ వయసులోనూ నాకు లోపల చుర్రుమంటుంది. అలా అనిపించిన రోజున చెప్పులేసుకుని ముందు ఆ ఇంటికే వెళ్తాను. మంట చల్లారాక వెళ్దామని ఆగను. మంటతోనే వెళ్తాను.