వెనక్కొచ్చిన నీలం

వీధిలో అందరికీ ఆమె రంగులక్క. పెయింట్ షాపులో పని. డబ్బా ఇచ్చేముందు మూత మీద బొటనవేలితో ఓ చుక్క అద్ది, ఆరేదాకా పట్టుకు కూర్చుంటుంది.

“తడి రంగు మాట నమ్మకండి. ఇంతకీ ఏ గదికి? అందులో ఎవరుంటారు?”

తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. ఆమె మాత్రం ఆ చుక్క వంకే చూస్తూ, ఎన్నడూ అడుగుపెట్టని గదుల్లో తిరిగొస్తూ ఉంటుంది.

ఇంట్లో అత్తయ్యకి చూపు మసకబారింది. ఇక తేటపడదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. పొగచూరిన వంటగదిలో ఆవిడ పొయ్యి దగ్గర తడుముకుంటుంటే కోడలి గుండె గుభేలుమనేది. వంటగది చేజారితే అత్తయ్య మనిషిలా ఉండదు. గది నిండా వెలుతురు పోస్తే చాలనుకుంది. కొత్త గట్టు, కొత్త అరలు తమ తాహతుకి మించినవి. జనం నచ్చక తిరిగిచ్చేసిన డబ్బాలు షాపులో మూలుగుతున్నాయి, యజమాని పట్టుకుపొమ్మన్నాడు. లేత రంగులన్నీ కలిపితే పాలమీగడ రంగు తేలింది. గోడలకి, అరలకి, గట్టుకి, చివరికి సరుకుల డబ్బాలకి కూడా అదే వేసేసింది.

“ఇల్లా ఇది, మబ్బా?” అన్నాడు భర్త గుమ్మంలో నిలబడి. “చెప్పులు విడవనా, రెక్కలు విడవనా?”

మర్నాడు పొద్దున్నే అత్తయ్య లోపలికొచ్చింది. కిటికీలోంచి ఎండ పడి గదంతా తేలిపోతోంది. ఆవిడ కప్పు తీసుకుని అర మీద పెట్టబోయింది. అర ఉన్నది జానెడు పక్కన. కప్పు భళ్లుమంది.

“బాగుందే అమ్మాయ్. చాలా బాగుంది,” అంది అత్తయ్య, చెయ్యి ఇంకా గాలిలోనే ఉంచి. “ఇక వంట నువ్వే చూసుకో.”

కోడలు ఎప్పుడు వండినా వంకపెట్టే మనిషి ఆ రోజు కిక్కురుమనకుండా తిని లేచింది.

సాయంత్రం రంగులక్క వంటగదిలో నేలమీద కూర్చుని, కళ్లు సగం మూసి చూసింది. గోడ అరలో కలిసింది, అర గట్టులో కరిగింది. అన్నీ పాలలో మునిగిపోయాయి. రంగు వేయకుండా వదిలేసిన తలుపు గొళ్లెం ఒక్కటే నల్లగా పైకి తేలింది. ఊరందరినీ ‘ఎవరుంటారు’ అని అడిగే నోరు ఇంట్లో ఏమైందో అనుకుంది.

మర్నాడు షాపునుంచి ముదురు రంగులు మోసుకొచ్చింది. మీగడరంగు వేసిన చెక్కముక్క మీద ఒక్కో చుక్క అద్ది, ఆరనిచ్చి, అత్తయ్య ఒళ్లో పెట్టింది.

“ఇందులో మీకేం కనిపిస్తోంది?”

“కళ్లున్నవాళ్లంతా చచ్చారా, నన్నడుగుతున్నావు?”

“గది మీది కదా.”

అత్తయ్య చెక్కని కిటికీవైపు తిప్పింది. వేలు మెల్లగా కదిలి, ఒకచోట ఆగింది.

“మిగతావన్నీ పొగే. ఇదొక్కటే రంగు.”

మరీ రాత్రిలా ఉందని ఎవరో వెనక్కిచ్చిన నీలం.

అరల అంచులకి, గట్టు చివర, డబ్బా మూతలకి మాత్రం ఆ నీలం వేసింది. మబ్బుకి ఒడ్డు పుట్టినట్టయింది.

ఆరాక అత్తయ్య వచ్చి, నీలం గీత వెంట నడిచి, టీకి నీళ్లు పెట్టింది. కోడలు గుమ్మంలో నిలబడి చూసింది.

“చక్కెర డబ్బా కింద పెట్టిందెవరే? రెండ్రోజులు నేను రాకపోతే రాజ్యం నీదైపోయిందా?”

“ఎక్కడ కావాలంటే అక్కడ మీరే పెట్టుకోండి.”

అత్తయ్య డబ్బా అందుకుంది. తడుముకోకుండా, పై అరలో పెట్టింది.