ప్రార్థన గంటలో అవ్వను ఎవరు తిప్పాలి

సర్వకృపానిధియైన దేవునికి స్తోత్రం. మోకాళ్లు మొండికేసినా ఈ పొద్దు కూడా నన్ను మంచం మీది నుంచి లేపి నిలబెట్టిన తండ్రికి స్తోత్రం. అలిసిపోయిన దాన్నని పక్కన పెట్టకుండా ఇంకా పని అప్పగిస్తున్న యేసయ్యకు మహిమ కలుగును గాక. నేను రాయబోయే దాంట్లో నా తప్పు ఉంది, ఆయన దయ ఉంది. రెండింటినీ ఉన్నదున్నట్టు రాసే ధైర్యం ఇమ్మని అడిగి కలం పట్టుకున్నాను.

ఇంటర్ పాసైన మన సంఘం పిల్లలకు నర్సింగ్ గురించి నాలుగు మాటలు రాయమని పాస్టరమ్మ అడిగి ఆరు నెలలు దాటింది. "ఇన్నేండ్లు నేర్పిన్రు, మీకంటె ఎవరికి తెలుస్తది సిస్టర్?" అంది. తెలుసు, నిజమే. ఏటా కొత్త పిల్లలు వస్తారు, ఏటా అదే బోర్డు ముందు నిలబడి అవే మాటలు చెబుతాను. ఇది ఒట్టి ఉద్యోగం కాదు, పిలుపు. రోగిలో ప్రభువును చూడాలి. చెప్పీ చెప్పీ ఆ మాటలు నా నోట్లోనే అరిగిపోయాయి. కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా అవే వస్తున్నాయి, రాసి కొట్టేస్తున్నాను. అందుకే ఆ మాటలు మానేసి ఒక పిల్ల గురించి రాస్తున్నాను.

నాది నకిరేకల్ దగ్గరి ఊరు. మా నాయిన నిమ్మకాయల మార్కెట్లో హమాలీ. పాలమూరు వైపు ఒక మిషన్ దవాఖానలో నర్సుగా చేరాను. తర్వాత అక్కడే నర్సింగ్ స్కూల్లో టీచర్‌నయ్యాను. నేను చెప్పేది కరోనా పోయిన తర్వాతి ఏడు. పాత నర్సుల్లో సగం మంది వెళ్లిపోయారు. రాత్రి డ్యూటీలో ఒక్కోసారి వార్డు మొత్తానికి ఒక్క నర్సే ఉండేది. నేను పొద్దున పాఠాలు చెప్పి, మధ్యాహ్నం వార్డులు తిరిగి, సాయంత్రానికి కాళ్లు బకెట్ వేణ్ణీళ్లలో పెట్టుకొని కూర్చునేదాన్ని. బైబిల్ ఒళ్లో తెరిచి ఉండేది, కళ్లు మూతలు పడేవి.

మొదటి రోజు క్లాసులో పుస్తకం తెరవనివ్వను. అది నా పద్ధతి. గది వెనక పాఠాల కోసమే ఒక ఇనుప మంచం ఉంది. ఒక పిల్లను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి గంటసేపు కదలొద్దంటాను. దోమ కుట్టినా చెయ్యి లేపొద్దు. ఆ గంటా మిగతావాళ్లకు పరిచర్య గురించి చెబుతూ ఉంటాను.

ఆ ఏడు ముందుగా, ఎందుకు వచ్చారని ఒక్కొక్కరినీ అడిగాను. సంఘాల నుంచి వచ్చిన పిల్లలు "సేవ చేయనీకి మేడం" అని వరసగా చెప్పారు. పోచంపల్లి నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉంది. నేతపని వాళ్ల బిడ్డ. నూలును అక్కడక్కడ దారంతో బిగించి చిటికి కట్టి, రంగులో ముంచిన మరకలు గోళ్ల చివర్లకు ఇంకా పోలేదు. ఆమె లేచి, "నౌకరి దొరుకుతదని వచ్చిన మేడం. మగ్గం మీద కూసుంటె నడుము పోతాంది" అంది.

క్లాసంతా నవ్వింది. నాకు ఆ జవాబు నచ్చలేదు. "అయితే నువ్వే పడుకో. నడుముకు జర రెస్టు" అన్నాను.

గంట తర్వాత ఎట్లుందని అడిగితే, "కింద మండుతాంది మేడం. మడమలు గూడ" అంది. మిగతావాళ్ల వైపు తిరిగాను. ఈ రోగికి ముందుగా ఏం చేస్తారు? ఒకతి ప్రార్థన చేస్తానంది. ఒకతి నొప్పికి గోలీ ఇస్తానంది. ఇంకొకతి ధైర్యం చెబుతానంది. మంచం మీది పిల్లకు ఓపిక అయిపోయింది. "అయ్యో, ముందుగాల నన్ను పక్కకు తిప్పుండ్రే తల్లీ!" అని అరిచింది.

మళ్లీ నవ్వులు. ఈసారి నేనూ నవ్వాను. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క తిప్పాలని, తిప్పకపోతే చర్మం చచ్చి పుండు పడుతుందని, ఆ పుండు ఎముక దాకా తొలుచుకుపోతుందని చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఆమె రాసుకోలేదు. ఎందుకని అడిగితే, "నడుం మీద రాసిన్రు గద మేడం" అంది. నోటి దురుసు పిల్ల అనుకున్నాను.

మా స్కూల్లో మొదటి ఆరు నెలలు పరీక్షాకాలం. అది గడిచాక దీపాల వేడుక జరుగుతుంది. పిల్లలు తెల్ల బట్టల్లో వరసగా నిలబడి దీపాలు పట్టుకొని ప్రమాణం చేస్తారు. అందులో పేరున్నవాళ్లే చదువు కొనసాగిస్తారు, లేనివాళ్లు ఇంటికి పోతారు. ఆ పేర్ల పట్టీ రాసేది నేను.

రోజూ ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ప్రార్థన. పిల్లల్లో హిందువులు, ముస్లింలు కూడా ఉంటారు. వాళ్లు పాడనక్కర్లేదు, మౌనంగా కూర్చుంటే చాలు. కానీ రావాలి. హాజరు నేనే వేసేదాన్ని. మూడుసార్లు రాకపోతే ఇంటికి కబురు.

పోచంపల్లి పిల్ల మొదటిసారి రానప్పుడు ఇంకోసారి ఇట్ల చేయొద్దన్నాను. రెండోసారి మెట్ల మీద ఆపి, "ప్రార్థనంటె అలుసా నీకు?" అన్నాను. "కాదు మేడం, అది..." అని మొదలుపెట్టింది. నేను ఆగలేదు. ఆ మోకాళ్లతో మెట్లు ఎక్కుతున్నప్పుడు ఎవరి జవాబు కోసమూ ఆగబుద్ధి కాదు. మూడోసారి ఒక గురువారం. ఆ సాయంత్రమే వాళ్ల నాయినకు ఫోన్ చేశాను. మీ బిడ్డకు ఈ పని పట్టేటట్టు లేదు, శనివారం వచ్చి తీసుకుపొమ్మన్నాను. దీపాల పట్టీలో ఆమె పేరు మీద గీత గీశాను. పిల్లను పిలిచి ఎందుకు రాలేదని అడగనేలేదు. అడిగే ఓపిక లేక రూలును ముందు పెట్టుకున్నాను.

శనివారం ఉదయం వాక్యం చెప్పే వంతు నాది. యెరికో దారిలో దొంగల చేతికి చిక్కి పడి ఉన్నవాని ఉపమానం తీసుకున్నాను. వాణ్ణి చూసి పక్క నుంచి వెళ్లిపోయిన యాజకుని గురించి ఆ రోజు చాలా బాగా చెప్పాను. దేవుడు నన్ను క్షమించును గాక. "ప్రార్థనకు ఆలస్యమైతదని పోయిండేమో పాపం" అని కూడా అన్నాను. ముందు వరసలో ఒక పిల్ల కన్నీళ్లు తుడుచుకుంది. మూడో వరసలో ఆమె చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చూసిన కొద్దీ నా గొంతు పెరిగింది. ప్రార్థన ముగిసేసరికి ఎనిమిది కావస్తోంది. వాళ్ల నాయిన బస్సెక్కి ఉంటాడు, ఆయన వచ్చేలోపే పిల్లను నిలబెట్టి అడగాలని, హాజరు పట్టీ రాసిపెట్టి, తొమ్మిదింటికి వార్డుకు వెళ్లాను.

ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద అమ్రాబాద్ నుంచి తెచ్చిన ఒక అవ్వ ఉండేది. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల అవ్వ నడుము కింద చేతులు పెట్టి ఒక్కతే ఆమెను పక్కకు తిప్పుతోంది.

"మెల్లగనే పిల్లా! నేనేమన్న పత్తి బస్తనా?"

"బస్త అయితె నయముండు అవ్వ. తిట్టకపోవు."

అవ్వ కన్ను నా మీద పడింది. "గీమె ఎవరు? గట్ల నిలవడి సూస్తాంది. వచ్చి ఇంకో పక్క పట్టుమను."

పట్టుకున్నాను. నడుము కింద, తోక ఎముక మీద, అరచేతంత మేర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఇంకా చిట్లలేదు. ఇంకో నాలుగు రోజులైతే చిట్లేది. ఎందుకిట్లయిందని అడిగాను.

"ఐదింటికి తిప్పితె మల్ల ఏడింటికి తిప్పాలె గద మేడం. ఏడింటికి రాత్రి అక్క కాయితాలు అప్పజెప్పనీకి పోతది. పగటి అక్క ఇంక రాదు. అవ్వ బిడ్డ చాయ్ తేనీకి పోతది. మేమంత ప్రార్థనల ఉంటం. రాత్రి ఇద్దరక్కలుంటె ఒకలు తిప్పుతరు. ఒక్కరే ఉన్న దినం ఇగ తొమ్మిదింటికే. గా దినాలు నేను ఆగిన."

"నాకెందుకు చెప్పలే?"

ఆమె దిండు సర్దుతూ, నా మొహం చూడకుండా చెప్పింది. "చెప్పిన మేడం. అవ్వ వచ్చిన వారంల, నేను మొదటిపారి ఆగకముందే, మెట్ల కాడ. ఒక్క గంట దేవుడు సూసుకుంటడులే అన్నరు."

నాకు వెంటనే గుర్తు రాలేదు. అవ్వ దుప్పటి సరిచేస్తుంటే గుర్తొచ్చింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో మోకాలు పట్టుకొని అన్నాను ఆ మాట. విశ్వాసంతో అన్నది కాదు. మెట్లెక్కలేక అన్నది. ఆ మాటలో దేవుని పేరుంది కాబట్టి పిల్ల మళ్లీ అడగలేకపోయింది.

పదిన్నరకు వాళ్ల నాయిన వచ్చాడు. బక్కపలచని మనిషి, చేతిలో గుడ్డ సంచి. వరండాలోనే నిలబడి, "ఏం జేసింది మేడం మా బిడ్డ? ఎవర్నన్న కొట్టిందా?" అన్నాడు.

"లేదు. ప్రార్థనకు రాలేదని పిలిచిన."

"గింతేనా? మా మార్కండేయ గుడి కాడ గూడ గింతే. పూజంటె దొంగ." బిడ్డ వైపు తిరిగాడు. "ఈ పని నీకు పట్టదంటున్నరు మేడం. మగ్గం ఖాళీగనె ఉంది. బట్టలు సదురుకో, పోదాం పా."

నేను చెప్పాను. తప్పు ఆమెది కాదు, నాది, రోగిని చూసుకునేందుకు ఆగింది, నేను అడగలేదు అని.

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "గంత దూరం పిలిసి ఇప్పుడు తప్పు నాదంటరా? ఫోన్ జేసే ముంగట పిల్లను ఒక్కమాట అడగరాదా మేడం?"

"అడగలేదు" అన్నాను.

"రేపు మల్ల ఇంకొకలు ఫోన్ జేస్తరు. వద్దు. ఇంటికే పా బిడ్డ."

పిల్ల గోడ గడియారం వైపు చూసింది. "నాయిన, పదకొండు కావస్తాంది. అవ్వను తిప్పాలె. నువ్వు క్యాంటీన్‌ల ఇంత తిని పో" అని లోపలికి నడిచింది.

నేనూ వెనక వెళ్లాను. ఆయన వార్డు తలుపు దగ్గర ఆగిపోయాడు. పిల్ల ఒక పక్క, నేను ఒక పక్క పట్టి అవ్వను తిప్పాం. నా మోకాలు కలుక్కుమంది. అవ్వ తలుపు వైపు చూసి, "గాడెవడు?" అంది.

"మా నాయిన, అవ్వ."

"తీస్కపోనీకి వచ్చిండా?"

"ఆ."

"వాన్ని పొమ్మను."

పక్క మంచాల వాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. సంచిలోంచి జొన్నరొట్టెల మూట తీసి తలుపు పక్క బల్ల మీద పెట్టాడు. "ఆదివారం ఆదివారం ఫోన్ జెయ్యి" అని బిడ్డకు చెప్పి, నా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం పిల్లలందరి ముందు నిలబడి జరిగింది చెప్పాను. అప్పటి నుంచి మా దగ్గర ఉదయం గంట కొట్టగానే ముందు వార్డులకు వెళ్లి, తిప్పాల్సిన వాళ్లను తిప్పి, అప్పుడు ప్రార్థనకు కూర్చుంటాం. ప్రార్థన అరగంట తగ్గింది. దేవుని సమయం దొంగిలించానని ఒకరిద్దరు పెద్దలు అన్నారు. వాదించే ఓపిక లేదు, వాదించలేదు. అవ్వను కొన్ని వారాలకు వాళ్ల బిడ్డ ఇంటికి తీసుకుపోయింది. ఎరుపు తగ్గుతూ ఉంది, పూర్తిగా పోలేదు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. దీపాల పట్టీలో గీత కొట్టిన పేరును కింద మళ్లీ నా చేత్తో రాశాను. ఆ రోజు ఆమె దీపం పట్టుకొని నిలబడింది. గోళ్ల రంగు అప్పటికి పోయింది.

ఈ సంగతి చెబితే, ఆ పిల్ల ప్రభువును నమ్ముకుందా అని సంఘంలో అడుగుతారు. నాకు తెలియదు. ఆమె ఇప్పుడు హైదరాబాద్‌లో పని చేస్తోంది. నమ్ముకున్నానని చెప్పుకునే నన్ను మాత్రం ఆ శనివారం దేవుడు ఆమె ద్వారా పట్టుకున్నాడు.

పిల్లలారా, నర్సింగ్‌కు రండి. సేవ చేయాలని వచ్చినా, నౌకరి కోసం వచ్చినా రండి. అలసిపోతారు, అది దాచను. అలసిన రోజున మీ నోట్లోంచి కూడా భక్తిగల మాటలు తేలిగ్గా వస్తాయి. అప్పుడు గడియారం చూసి, మంచం దగ్గరికి పోయి, దుప్పటి తీసి చూడండి.

వచ్చే సోమవారం మళ్లీ కొత్త పిల్లలు వస్తున్నారు. ఇనుప మంచం తుడిపించాను. నాకు శక్తి చాలదని తెలుసు. కాబట్టి ఇది చదువుతున్న మీరు ఉన్నచోటే కళ్లు మూసుకొని నాతో కలిసి ప్రార్థించండి. ఎక్కువసేపు వద్దు, మీ ఇంట్లోనూ మంచం పట్టినవాళ్లు ఎవరైనా ఉండొచ్చు. తండ్రీ, ఈ పొద్దు ఎవరూ తిప్పని వాళ్ల దగ్గరికి ఎవరినైనా పంపు. మమ్మల్నే పంపితే, లేచే బలమివ్వు. మా అలసటకు నీ పేరు పెట్టకుండా మా నోటిని కాపాడు. యేసు నామమున అడుగుతున్నాం, ఆమేన్ అని నాతో పాటు అనండి.